బాబాయి పడవకు రెండు బ్యాటరీలు

శనివారం, విజయవాడ.

సీతానగరం వైపు కట్టి ఉంచే బాబాయి పడవకు ఈ రోజు ఆటోనగర్‌లో బ్యాటరీలు కొన్నాము. ఇంట్లో ఇన్వర్టరుకు పెట్టుకున్నట్టే పెద్ద ట్యూబులర్ బ్యాటరీ ఒకటి తెస్తే ఇంజనుకూ లైట్లకూ అదే సరిపోతుందన్నది దారి పొడవునా బాబాయి వాదన. నేను ఒప్పుకోలేదు. సెల్ఫ్ కొట్టడానికి కొద్ది క్షణాలపాటు వందల ఆంపియర్ల కరెంటు కావాలి కాబట్టి ఇంజను బ్యాటరీలో పలుచని ప్లేట్లు ఎక్కువగా పేర్చి ఉంటాయి. లైట్లు, ఫ్యాను, పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు మాత్రం గంటల తరబడి కొద్దికొద్దిగా లాగుతాయి. వాటికి మందపాటి ప్లేట్లున్న, లోతుగా వాడుకుని మళ్లీ ఛార్జి చేసుకునే డీప్ సైకిల్ బ్యాటరీయే తట్టుకుంటుంది. ట్యూబులర్ కూడా లోతుగా వాడుకునే రకమే, కానీ అది కదలకుండా ఇంటి మూలన ఉండడానికి తయారైన వస్తువు. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంపియర్లను గంటలతో గుణించి చెప్పే సామర్థ్యం) ఉన్నదైతే 50 కిలోలు సులభంగా దాటుతుంది, ఎత్తుగా ఉంటుంది, పడవ ఒరిగినప్పుడు మూతల దగ్గర యాసిడ్ చిందే ప్రమాదమూ ఉంది.

“రెండెందుకురా, ఖర్చు కాకపోతే?” అన్నారు బాబాయి. చీకటి పడేదాకా లైట్లు వేసుకుని కూర్చున్నా, తిరిగి వచ్చేటప్పుడు ఇంజను ఒక్క మీటతో అందుకోవాలి కదా అన్నాను. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకువచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు తూకంగా ఉండే బరువు దిమ్మెలను (కౌంటర్ వెయిట్లను) ఢీకొన్న సంగతి ఆయనకు గుర్తుంది. కృష్ణలో నీరు పెరుగుతున్నదని తెలిసిన గంటలో పడవను కదల్చలేకపోతే అది ఉండీ లేనట్టే. ఆ మాట తరువాత ఆయన వాదించలేదు.

లైట్ల బ్యాటరీకి ఎంత సామర్థ్యం కావాలో అంగట్లోనే కాగితం మీద లెక్క వేశాము. లైట్లు, ఫ్యాను కలిపి సుమారు 44 వాట్లు. 12 వోల్టుల మీద అది దాదాపు 3.7 ఆంపియర్లు, నాలుగు గంటలకు 15 ఏహెచ్. పంపు, ఫోన్ల ఛార్జింగు కలిపితే 20. ఇలాంటి లెడ్ యాసిడ్ (సీసం, ఆమ్లం ఉండే) బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు త్వరగా తగ్గుతుంది కనుక కనీసం 40 ఉండాలి. ప్లేట్లు పాతబడితే తగ్గే శక్తిని కూడా లెక్కలోకి తీసుకుని 60 ఏహెచ్ తీసుకున్నాము. అంగడి యజమాని తయారీ తేదీ చూపించి, మీటరు పెట్టి వోల్టేజీ కూడా చూపించారు. ఎంతకాలం బీరువాలో ఉండిపోయిందో తెలియని బ్యాటరీని తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఛార్జి లేకుండా పడి ఉన్న ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది.

మధ్యాహ్నం పాత బ్యాటరీ విప్పాము. ముందు నెగెటివ్ తీగ, తరువాత పాజిటివ్. టెర్మినళ్ల చుట్టూ పచ్చటి, తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. తీగల క్లిప్పుల మీద వంట సోడా కలిపిన వేడి నీళ్లు పోయగానే బుసబుస నురగ లేచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దేసరికి సీసం మెరుపు బయటపడింది. ఆరిన తరువాత కొత్త బ్యాటరీలకు బిగించి, పైన వ్యాసలైన్ పూశాము. ప్రతి బ్యాటరీ పాజిటివ్ తీగకూ దగ్గరలోనే ఫ్యూజు పెట్టించి, పెట్టె అడుగుకు పట్టీలతో కట్టి, ఛార్జి అయ్యేటప్పుడు వెలువడే హైడ్రోజన్ నిలవకుండా పైన గాలి రంధ్రాలు ఉంచాము.

ఇక్కడి ఎండలే నాకు ఎక్కువ భయం. బ్యాటరీ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని అంటారు. అందుకే పెట్టెను ఇంజను పక్క నుంచి నీడ ఉన్న వెనుక అర కిందికి మార్చాము. వేసవిలో డిస్టిల్డ్ వాటర్ మట్టం తరచుగా చూడాలి, పూర్తిగా ఛార్జి అయిన తరువాతే నీళ్లు పోయాలి, కొళాయి నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు. ఇవన్నీ బాబాయి ఒక చీటీ మీద రాసి బ్యాటరీ పెట్టె మూత లోపల అంటించారు.

లిథియం సంగతి కూడా అడిగారు. బరువు తక్కువ, సగానికి మించి వాడుకున్నా ఇబ్బంది లేదు. కానీ దానికి తగిన ఛార్జరు వేరుగా కావాలి, ధర కూడా ఎక్కువ. వారాంతపు సాయంత్రాలు మాత్రమే తిరిగే ఈ పడవకు అది అవసరం లేదనిపించింది.

రెండు బ్యాటరీలూ రాత్రంతా ఛార్జింగులో ఉంటాయి. రేపు ఛార్జరు తీసి, కొన్ని గంటలు ఆగి మీటరు పెట్టి చూడాలి. 12.6 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే సోమవారమే ఆటోనగర్‌కు తీసుకెళ్లి మార్పించుకుంటాము.