ఉప్పు లేని పోటు: జగ్ బేలో ఒక పూట

వాషింగ్టన్ చుట్టూ తిరిగే బెల్ట్‌వే రహదారి దిగి రూట్ 4 పట్టుకుంటే, మేరీలాండ్‌లో పటక్సెంట్ నది ఒడ్డు చిత్తడి జగ్ బే పెద్ద దూరమేమీ కాదు. లెక్క తప్పింది పోటు విషయంలో. పటక్సెంట్ నది చెసపీక్‌లో కలిసే సాలమన్స్ దగ్గరి పోటు వేళల పట్టిక చూసుకుని బయల్దేరాను. అక్కడి పోటు నదిపైకి ఎక్కి జగ్ బే చేరడానికి ఇంకా కొన్ని గంటలు పడుతుంది. బురద చూద్దామని వెళ్తే నీళ్లు నిండుకుండలా నిలబడి ఉన్నాయి. జగ్ బేకు దగ్గరి రేవు పట్టికే చూడండి. నీళ్లు పూర్తిగా తీయడానికి ఒక గంట ముందు చేరండి. పోటు మీద మొక్కల తలలే కనిపిస్తాయి, ఏది ఏ ఎత్తులో నాటుకుందో తెలియదు.

కోరంగిలో పోటంటే ఉప్పు, ఉప్పంటే మడ. ఇక్కడా నీళ్లు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతాయి. ఉప్పు మాత్రం లీటరుకు అర గ్రాము కూడా ఉండదు. పైనుంచి వచ్చే నదినీరు దాన్ని దిగువనే ఆపేస్తుంది. అందుకే ఉప్పు చిత్తడిలోలా ఒకటి రెండు గడ్లే రాజ్యమేలవు, రకరకాల మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతాయి.

1900 నుంచి 1935 వరకు రైలు నడిచిన పాత కట్ట మీద నిలబడితే, నీళ్లు తీసేకొద్దీ వరసలు బయటపడ్డాయి. ఎక్కువసేపు మునిగే అంచున స్పాటర్‌డాక్ ఉంది. కలువ కుటుంబమే. లేత ఆకుల్లో చొరబడ్డ గాలి కాడల గుండా బురదలోని దుంపకు దిగి, ముదురు ఆకుల్లోంచి బయటికి పోతుంది. దాని పక్కనే బాణం మొన లాంటి ఆకుల గుంపు. కొత్తవాళ్లంతా తికమకపడేది ఇక్కడే. ఈనెలు చూడండి. నడుమ లావు ఈనె, ఆకు అంచు వెంట ఇంకో గీత ఉంటే యారో ఆరమ్. చేమ కుటుంబం, పచ్చిది కొరికితే గొంతు దురదే. ఈనెలన్నీ కాడ తగిలిన చోటినుంచే విచ్చుకుంటే యారోహెడ్. నడిమి ఈనె లేక సన్నగీతలే వంపు తిరిగితే పికరెల్‌వీడ్, మన గుర్రపుడెక్కకు దాయాది.

కాస్త మెరక మీద జమ్ము, దాని పక్కన వస! ఆకు నలిపితే అదే వాసన. ఇక్కడి వస గింజ కట్టదు, దుంప ముక్కలతోనే పాకుతుంది. పిల్లల నాలుకకు రాసే సరుకు ఇంత బురదలో పెరుగుతుందని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. దాన్ని అల్లుకున్న టియర్‌థంబ్ తీగకు వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి. పొట్టి చేతుల చొక్కాతో వెళ్తే చర్మం గీరుకుపోతుంది.

సెప్టెంబరు మొదట్లో వెళ్లడం అడవి వరి కోసమే. రెండు నిలువులకు దగ్గరగా పెరుగుతుంది. మన నివ్వరి కాదు, వేరే ప్రజాతి. కంకిలో ఆడపూలు పైన, మగపూలు కింద. గింజలు ఒక్కసారి పండవు, పండినవి పండినట్టే బురదలో రాలతాయి. చలికాలమంతా తడిగా, చల్లగా ఉంటేనే వసంతంలో మొలుస్తాయి. ఆరబెట్టి దాచితే చస్తాయి, మన విత్తన వడ్లకు పూర్తిగా ఎదురు. ఏడాది మొక్క కాబట్టి గింజ పడకముందే మేసేస్తే మరుసటేడు చేను లేదు. 1990లలో జరిగిందదే. వలస పోకుండా ఏడాదంతా ఇక్కడే ఉండే కెనడా బాతులు లేత మొక్కలను ఊడ్చేశాయి. వల కంచెలు కట్టి, గింజ చల్లి, బాతుల వేటకు అనుమతించాకే మళ్లీ తేరుకుంది.

దుకాణంలో వైల్డ్ రైస్ పేరుతో బాసుమతికి ఎన్నో రెట్లు గుంజే నల్ల గింజ చాలావరకు కాలిఫోర్నియా, మిన్నెసోటా మడుల్లో సాగుచేసినదే. జాతి కూడా వేరు. పేరుకే అడవి.

జనవరిలో మాత్రం రాకండి. స్పాటర్‌డాక్, యారో ఆరమ్ ఆకులు మంచుకు కుళ్లి పోటుతో కొట్టుకుపోయి, ఆ వరసంతా ఒట్టి బురదే మిగులుతుంది. నిలబడేది ఎక్కువగా ఎండిన జమ్మే.