పాటలో ముద్ర వెతుక్కుంటూ

పాట రాసి, వరుస కట్టి, తానే పాడేవాడు వాగ్గేయకారుడు. చాలామంది వాగ్గేయకారులు కీర్తన చివర తమ పేరో, ఇష్టదైవం పేరో ముద్రగా వేసుకున్నారు. క్షేత్రయ్యకు మువ్వగోపాల, త్యాగయ్యకు త్యాగరాజ, శ్యామశాస్త్రికి శ్యామకృష్ణ. శ్యామశాస్త్రి పూర్వీకులు మన కంభం ప్రాంతం నుంచి దక్షిణాదికి వెళ్ళినవారేనని పిల్లలకు చెబుతూ ఉన్నాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి అడిగింది. "ఇప్పటివాళ్ళు ముద్ర ఎక్కడ వేసుకుంటారు టీచర్?"

నా దగ్గర జవాబు లేదు. బాలు గారి నెల్లూరు చుట్టుపక్కల పెరిగినవాళ్ళం కాబట్టి గొంతు వినగానే పాడినవారి పేరు చెప్పేస్తాం. కానీ సినిమా పాటకు రాసేది ఒకరు, బాణీ కట్టేది మరొకరు, పాడేది ఇంకొకరు. తన మాటకు తానే వరుస కట్టుకుని పాడే కొత్తవాళ్ళు ఈ కాలంలో ఎవరున్నారో, వాళ్ళ ఆల్బంలు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

ఫోనులో "కొత్త తెలుగు పాటలు" అని కొడితే వరసగా సినిమా పాటలే వచ్చాయి. ఒకటి వింటే అలాంటివే మరో పది ముందుకు తెచ్చిపెట్టింది. వారం తర్వాత కావలిలో మా అన్నయ్య కొడుకును కూర్చోబెట్టి అడిగాను. "పాట పక్కన మూడు చుక్కలు ఉన్నాయి చూడు అత్తా, అక్కడ నొక్కు" అన్నాడు. నొక్కగానే పాడినవారు, రాసినవారు, ప్రొడ్యూసర్ ఎవరెవరో పేర్లు వచ్చాయి. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే సినిమాకు డబ్బు పెట్టే నిర్మాత లాంటివారు కాదు, ఏ వాద్యం ఎక్కడ ఎంత వినిపించాలో కూర్చేవారు. చిన్నప్పుడు కాసెట్ కొంటే అట్ట వెనక మడతపెట్టిన కాగితం ఉండేది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయేదాకా చదివేదాన్ని. ఆ కాగితం మళ్ళీ చేతికి దొరికినట్టు అనిపించింది.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. 2015 జూలై 10 నుంచి చాలా దేశాల్లో కొత్త ఆల్బంలు సాధారణంగా శుక్రవారమే విడుదలవుతున్నాయి. కాబట్టి శుక్రవారం రాత్రి కొత్తవాటిలో పాడినవారు, రాసినవారు ఒక్కరే అయినవి మాత్రమే ఏరిపెట్టుకుంటాను. సోమవారం నుంచి వాటిని రైల్లో వింటాను. కావలిలో ఎక్కి నెల్లూరులో దిగేలోగా ఒక ఆల్బం మొత్తం అయిపోతుంది.

మొదట్లో అదీ సరిగా సాగలేదు. నా ఉచిత ఖాతాలో పాటలు వరుస తప్పి వచ్చేవి. మూడోది ముందు, మొదటిది చివర. కథలో పేజీలు కలిపేసినట్టు ఉండేది. ఆల్బం వరుసకు పాడేవాళ్ళు ఎంత విలువ ఇస్తారో తర్వాత తెలిసింది. 2021 నవంబరులో ఇంగ్లండు గాయని అడెల్ అడిగితే పాటల యాప్ స్పాటిఫై ఆల్బం పేజీలో పాటలను కలగలిపే షఫుల్ బటన్‌ను ప్రధాన స్థానం నుంచి తీసేసింది. నేను డబ్బు కట్టి ఖాతా తీసుకున్నది కేవలం ఈ వరుస కోసమే.

మేఘాలయలోని షిల్లాంగ్ అమ్మాయి ఒకామె ఆల్బం అలా వరుసలో విన్నందుకే దక్కింది. బిట్రగుంట దాటేదాకా మూడు పాటలు అయ్యాయి, ఏదీ పట్టుకోలేదు. ఇంతకుముందైతే అక్కడే ఆపేసేదాన్ని. పడుగుపాడు దాటి బండి పెన్నా వంతెన ఎక్కుతుండగా ఆరో పాట మొదలైంది. గిటారు ఒక్కటే. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా తుడిచేయకుండా ఉంచారు. అమ్మ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగితే తినకపోయినా తిన్నానని చెప్పడం, అంతే పాట. కింద పెన్నలో నీళ్ళు పాయలుగా ఉన్నాయి. వంతెన అయిపోయింది, పాట అవలేదు. ప్లాట్‌ఫారం మీద బల్ల చూసుకుని కూర్చుని పూర్తిగా విన్నాను. మొదటి మూడు పాటలు ఎందుకంత నెమ్మదిగా ఉన్నాయో అప్పుడు అర్థమైంది. ఆ అమ్మాయి పేరు కావాలనే రాయడం లేదు. మీరు నేరుగా అక్కడికే వెళ్తారు, దారిలో దొరకాల్సినవాళ్ళు దొరకకుండా పోతారు.

దారి అంటే పేర్ల దారే. ఆమె ఆల్బం ప్రొడ్యూసర్ పేరు పట్టుకుని వెళ్తే అతను పనిచేసిన మరో ఇద్దరు కొత్తవాళ్ళు తగిలారు. వాళ్ళలో ఒకరి దగ్గర వయొలిన్ వాయించినామెకు సొంత ఆల్బం ఉంది. యాప్ సిఫారసుల కన్నా ఇది ఎన్నో రెట్లు నమ్మకమైన దారి. ఒక మంచి పనివాడు మరో మంచి పనివాడి దగ్గరకే తీసుకెళ్తాడు.

ఆ వయొలిన్ ఆల్బం కొనాలనుకున్నాను. బ్యాండ్‌క్యాంప్ 2008లో మొదలైన అమెరికా సంస్థ. అక్కడ ఆల్బం నేరుగా కళాకారుల దగ్గర కొనుక్కోవచ్చు. డిజిటల్ అమ్మకంలో సంస్థ వాటా సాధారణంగా 100కు 15. 2020 మార్చిలో కోవిడ్ రోజుల్లో మొదలుపెట్టిన ప్రత్యేక శుక్రవారాల్లో ఆ వాటా కూడా వదులుకుంటుంది. ధర 7 డాలర్లు. నా కార్డు మూడుసార్లు తిరస్కరించారు. విదేశీ చెల్లింపులు మనమే తెరుచుకోవాలట. బ్యాంకు యాప్‌లో ఆ సౌకర్యం తెరిచి, పరిమితి వెయ్యి రూపాయలు పెట్టి, కొన్నాక మళ్ళీ మూసేశాను. మీరూ అలాగే చేయండి, తెరిచి వదిలేయవద్దు.

ఇంత శ్రమ ఎందుకని ఇంట్లో అడిగారు. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు రాయల్టీ, అంటే విన్నందుకు ఇచ్చే డబ్బు, రాదు. కొత్తగా పాడేవారికి ఆ మొదటి వెయ్యే కొండ. నేను కొన్న ఒక్క ఆల్బం డబ్బులో ఎక్కువ భాగం వాళ్ళకు నిజంగా అందుతుంది.

తెలుగులో వెతకడానికే ఎక్కువ కాలం పట్టింది. నాకు తారసపడిన తెలుగువాళ్ళు ఎక్కువగా ఒక్కొక్క పాటే విడుదల చేస్తున్నారు, ఆల్బం కట్టడం లేదు. అది నాకు బాధగానే ఉంది. బ్యాండ్‌క్యాంప్‌లో ఆల్బం అడుగున ఊరి పేరు ఉంటే దాన్ని నొక్కి ఆ ఊరివాళ్ళందరినీ చూడవచ్చు. హైదరాబాదు, విశాఖ, మనకు దగ్గరని చెన్నై, అన్నీ గాలించాను. ఐదో నెలలో ఆరు పాటల తెలుగు ఆల్బం ఒకటి దొరికింది.

మర్నాడు ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఫోను తరగతికి తీసుకెళ్ళాను. ఒక పాట వినిపించి, ఆ వెనక బెంచీ అమ్మాయిని పిలిచి పేర్లు చదవమన్నాను. రాసినవారు, బాణీ, గాత్రం. మూడుసార్లూ ఒకే పేరు చదివి, తల ఎత్తి, "ఈయనది ఏ ఊరు టీచర్?" అంది. ఆ ఆల్బం అడుగున మాత్రం ఊరి పేరు లేదు. ఆయన పేజీలో ఉత్తరం రాసే చోటు ఉంది. అమ్మాయి చెబుతుంటే నేను టైపు చేశాను.