చెక్కకు లొంగిన గీత

నేను ట్యాబ్లెట్ మీద బొమ్మలు వేస్తాను. ఒక్కో బొమ్మకు ముప్పై, నలభై లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు, పెట్టడం నాకు అలవాటు. టోక్యో ప్రయాణం ఖాయం కాగానే ముందుగా రాసుకున్న చోటు అసకుసలోని మొకుహంకన్. కెనడా నుంచి వచ్చి జపాన్‌లో స్థిరపడిన డేవిడ్ బుల్ నెలకొల్పిన చెక్క అచ్చుల కార్ఖానా అది. 2012లో జెడ్ హెన్రీ అనే అమెరికన్ చిత్రకారుడు వీడియో గేమ్ పాత్రలను పాత జపాన్ అచ్చుబొమ్మల తీరులో గీస్తే, బుల్ వాటిని చెర్రీ చెక్క మీద చెక్కాడు. ఆ బొమ్మలు చూసినప్పటి నుంచీ ఈ పనిని దగ్గరగా చూడాలని నా కోరిక.

అక్కడ వచ్చినవాళ్ల చేత కూడా అచ్చు వేయిస్తారు. చెక్కడం వాళ్లదే, అద్దడం మనది. చెక్క మీద కుంచెతో రంగు పూసి, కాస్త బియ్యపు జిగురు కలిపి, తడి కాగితం పరచి, వెదురు పొర చుట్టిన బారెన్ అనే గుండ్రటి బిళ్లతో వెనక నుంచి రుద్దాలి. మా అమ్మమ్మది పెడన పక్క ఊరు. అక్కడ కలంకారీ వాళ్లు టేకు అచ్చును రంగులో అద్ది గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దేవారు. అచ్చే గుడ్డ దగ్గరికి వెళ్లేది. ఇక్కడ కాగితమే అచ్చు దగ్గరికి వస్తుంది. చేతికి ఆ తేడా తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది.

మూడో రంగు దగ్గర నా బొమ్మ వెంట్రుకవాసి జరిగింది. నేర్పే అమ్మాయి చెక్క మూలనున్న చిన్న గాడి చూపించింది. దాని పేరు కెంతో. కాగితం మూల అందులో సరిగ్గా కూర్చుంటేనే ప్రతి రంగూ తన చోట పడుతుంది. నా తెర మీద లేయర్లు వాటంతట అవే ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి. ఇక్కడ ఆ పని రెండు బొటనవేళ్లది.

మర్నాడు సుమిద హొకుసాయి మ్యూజియానికి వెళ్లాను. అచ్చుబొమ్మలకు పేరుపడ్డ పాత జపాన్ చిత్రకారుడు హొకుసాయి 1760లో పుట్టింది ఆ చుట్టుపక్కలే. ఆయన ప్రసిద్ధ అచ్చుబొమ్మ ‘పెద్ద అల’లోని నీలం యూరప్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ. అప్పట్లో జపాన్‌కు అది కొత్త రంగు. ఆయన దాన్ని మనసారా వాడుకున్నాడు. ట్యాబ్లెట్ వస్తే ఈ కళ చెడిపోతుందనే మాట నేనెప్పుడూ ఒప్పుకోను. పూర్వం చిత్రకారుడు పలుచటి కాగితం మీద గీసిన బొమ్మను చెక్కకు బోర్లా అతికించి, కాగితంతో సహా చెక్కేసేవారు. ఇప్పుడు ఆ కాగితం కంప్యూటర్ ప్రింటర్‌లోంచి రావచ్చు. కత్తి పని మాత్రం అదే. గీతకు రెండు పక్కలా చెక్క తీసేసి, గీతను నిలబెట్టాలి. తెరను పదింతలు పెద్దది చేసి నేను గీసే సన్న గీతలు చెక్కలో నిలవవు, విరిగిపోతాయి.

ఆ రాత్రి హోటల్ గదిలో నా గోదావరి బొమ్మ తెరిచాను. ముప్పై ఎనిమిది లేయర్లను ఏడుకు తెచ్చాను. పడవ తాళ్లను లావు చేశాను. నీళ్ల మీద ముదురు నుంచి లేతకు జారేలా వేసిన రంగును తీసేసి, అక్కడ చదునుగా ఒకే నీలం ఉంచాను. ఆ నీలాన్ని మెల్లగా పలచబరచడాన్ని అచ్చు పనివాళ్లు బొకాషి అంటారు. అది అచ్చు వేసేవాళ్ల తడి కుంచెలోంచి రావాలి. లేయరుకు ఆ పేరే పెట్టి పడుకున్నాను.