ఏ అండ్ పీ ఎక్కడ చదవాలి?

మార్చి, రెండో శనివారం. ప్లేనో, టెక్సస్.

పొద్దున్నుంచీ ముసురు. రేపు గడియారాలు గంట ముందుకి జరుగుతాయి కాబట్టి ఆ గంట నిద్ర కూడా పోయినట్టే. వంటింటి బల్ల మీద ఇడ్లీ పిండి గిన్నె, దాని పక్కన నాలుగు ప్రింట్లు. రెండు కమ్యూనిటీ కాలేజీల టైంటేబుళ్లు, రెండు నర్సింగ్ స్కూళ్ల అడ్మిషన్ పేజీలు. ఇవాళ్టి పనల్లా మరదలి ప్రశ్నకి జవాబు వెతకడమే. ఇంటర్లో ఎంపీసీ, తర్వాత బీటెక్, ఇప్పుడు హెచ్‌-4 (డిపెండెంట్ వీసా) మీద ఇక్కడ కాపురం. నర్సింగ్ చదువుతానంటోంది. దానికి ముందు ఏ అండ్ పీ (అనాటమీ, ఫిజియాలజీ), మైక్రో (మైక్రోబయాలజీ) లాంటి సైన్సు కోర్సులు పూర్తిచెయ్యాలి. "వదినా, ఆన్‌లైన్లో ఎనిమిది వారాల్లో అయిపోతాయట, చేరిపోనా?" అని రాత్రి వాట్సాప్ పెట్టింది.

దిగాల్సిన ఊరు చెప్పకుండా ఏ బస్సెక్కాలని అడిగినట్టుంది. ఈ సైన్సు కోర్సులు ఎక్కడ చదివినా చివరికి ఒప్పుకోవాల్సింది నర్సింగ్ స్కూలే. ముందు మూడు స్కూళ్లు అనుకోవాలి. ఒకటి రెండేళ్ల ఏడీఎన్ (అసోసియేట్ డిగ్రీ), మిగతా రెండూ బ్యాచిలర్ డిగ్రీ ఇచ్చే బీఎస్‌ఎన్. ఇప్పటికే డిగ్రీ ఉంది కాబట్టి యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ కూడా చూడొచ్చు, అది ఏడాది, ఏడాదిన్నరలో అవుతుంది. ఏ దారిన వెళ్లినా ఆఖరున నర్సు లైసెన్సు కోసం రాసేది ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్షే. ఇక ఒక్కో స్కూలూ ఏం అడుగుతుందో కాగితం మీద పెట్టుకోవాలి: ఏ కెమిస్ట్రీ కావాలి, ల్యాబ్ కాలేజీకి వెళ్లి చేసిందే కావాలా, కోర్సు ఎన్నేళ్లకి పాతబడుతుంది (చాలాచోట్ల అయిదో ఏడో ఏళ్లు), గ్రేడు సీ సరిపోతుందా, బీ కావాలా, మళ్లీ రాస్తే ఏ గ్రేడు లెక్కలోకి తీసుకుంటారు. ఈ అయిదూ తేలితే కాలేజీ తనంతట తనే తేలిపోతుంది.

టెక్సస్‌లో ఒక సుఖం ఉంది. ప్రభుత్వ కాలేజీలు చాలావరకు ఒకే నంబర్లు వాడతాయి. ఏ అండ్ పీ మొదటి భాగం బయాలజీ 2401, రెండోది 2402. నర్సింగ్ వైపు వెళ్లేవాళ్లకి మైక్రో 2420, సైన్స్ మేజర్లకి 2421. స్టాటిస్టిక్స్ మ్యాథ్ 1342, న్యూట్రిషన్ బయాలజీ 1322, లైఫ్‌స్పాన్ సైకాలజీ 2314. నంబర్లో మొదటి అంకె ఏ ఏడాది స్థాయో, రెండోది ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. 2401 అంటే రెండో ఏడాది కోర్సు, నాలుగు క్రెడిట్లు, ల్యాబ్ అందులోనే. కొన్నిచోట్ల దీన్నే విడదీసి లెక్చర్ 2301గా, ల్యాబ్ 2101గా పెడతారు. 2301 ఒక్కటే తీసుకుని "ఏ అండ్ పీ అయిపోయింది" అనుకున్నవాళ్లకి అప్లికేషన్ పెట్టే రోజున ఒక క్రెడిట్ తక్కువని తెలుస్తుంది. కెమిస్ట్రీలోనూ ఇలాంటి మెలికే: 1406 హెల్త్ కోర్సులవాళ్ల కోసం, 1411 జనరల్ కెమిస్ట్రీ. తక్కువ కష్టమని 1406 తీసుకునేముందు అనుకున్న మూడు స్కూళ్లూ దాన్ని ఒప్పుకుంటాయో లేదో చూడాలి.

ఏ అండ్ పీ రెండు భాగాలూ ఒకే కాలేజీలో పూర్తిచెయ్యడం మేలు. మామూలుగా మొదటిదాంట్లో కణాలు, కణజాలాలు, చర్మం, ఎముకలు, కండరాలు, నాడీమండలం వస్తాయి. రెండోదాంట్లో హార్మోన్లు, రక్తం, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణం, మూత్రపిండాలు, పునరుత్పత్తి. కానీ ఈ గీత అందరూ ఒకేచోట గియ్యరు. ఒకచోట మొదటిదీ ఇంకోచోట రెండోదీ చదివితే ఒక అవయవం రెండుసార్లు రావచ్చు, ఇంకొకటి అసలు రాకపోవచ్చు. కాలిఫోర్నియాలో అయితే పద్ధతే వేరు. అక్కడ చాలా కాలేజీల్లో అనాటమీ ఒక కోర్సు, ఫిజియాలజీ వేరే కోర్సు. హెచ్‌-1 కాపురాలు ప్రాజెక్టు ఎటుంటే అటు మారుతుంటాయి కదా, ఇక్కడ 2401 మాత్రమే ముగించి బే ఏరియాకి మారితే ఆ సగం అటూ కాదు ఇటూ కాదు. సియాటిల్ వైపు కమ్యూనిటీ కాలేజీలు క్వార్టర్ (సెమిస్టర్ కంటే చిన్న టర్మ్) లెక్కలో నడుస్తాయి. అక్కడి 5 క్వార్టర్ క్రెడిట్లంటే 3.33 సెమిస్టర్ క్రెడిట్లు, "4 ఉండాలి" అనే స్కూల్లో అవి సరిపోవు. ఊరు మారే సూచన ఉంటే మొదటి భాగం మొదలుపెట్టేముందే రెండోదాకా ఇక్కడే ఉంటామా అని మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడగాలి.

మధ్యాహ్నం ఇంకోసారి కాఫీ పెట్టుకుని ఆన్‌లైన్ సంగతి చూడటం మొదలైంది. ఇందులో మూడు రకాలు కలగాపులగంగా తిరుగుతుంటాయి. కమ్యూనిటీ కాలేజీయే ఆన్‌లైన్లో నడిపే కోర్సు ఒకటి. యూనివర్సిటీలు దేశమంతటికీ అమ్మే సొంతవేగం కోర్సులు రెండోది, యూనివర్సిటీ ఆఫ్ న్యూ ఇంగ్లండ్‌లో ఉన్నట్టు. మూడోది స్ట్రెయిటర్‌లైన్ లాంటి కంపెనీల కోర్సులు. మొదటి రెండిటికీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ వస్తుంది. మూడోదానికి కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ రాదు, ఏసీఈ (అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్) సిఫారసు మాత్రమే ఉంటుంది, దాన్ని ఒప్పుకోవాలన్న నియమం ఏ స్కూలుకీ లేదు. చౌకగా ఉందని ఇక్కడే చాలామంది జారతారు.

ల్యాబ్ మాట కొంచెం ఎక్కువే చెప్పుకోవాలి. ఆన్‌లైన్ ల్యాబంటే ఇంటికొచ్చే కిట్టో, తెర మీద నొక్కే బొమ్మలో. గొర్రె గుండెని ఇంట్లో కొయ్యొచ్చు, మైక్రో మాత్రం అలా కాదు. బాక్టీరియాని రంగుతో రెండు రకాలుగా విడదీసే గ్రామ్ స్టెయిన్ తీసుకుందాం: గాజు పలక మీద పూసిన బాక్టీరియా పొరని (స్మియర్) మంట మీద చూపించి పలకకి అతుక్కునేలా చెయ్యడం, క్రిస్టల్ వయొలెట్ నిమిషం, అయొడిన్ నిమిషం, తర్వాత ఆల్కహాల్, చివర సఫ్రనిన్. మొత్తం కిటుకంతా ఆల్కహాల్ దగ్గరే. కిందకి జారే చుక్కలో ఊదా రంగు కనబడటం మానగానే నీళ్లతో కడిగెయ్యాలి, పదీ పదిహేను సెకన్ల పని. ఇంకొంచెం ఆగితే ఊదాగా ఉండాల్సిన గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా కూడా రంగు వదిలేసి గులాబీగా తేలుతుంది. రోజు దాటిన పాత కల్చరైతే గోడలు బలహీనపడి చెయ్యి సరిగ్గా ఆడినా ఇదే తప్పు వస్తుంది. స్మియర్ మందమైతే దీనికి తలకిందులు: మధ్యలో ఊదా పోనే పోదు. సెమిస్టర్ చివర్లో ఏదో తెలియని బాక్టీరియా ఉన్న గొట్టం చేతికిచ్చి ఇదేంటో తేల్చమంటారు, అప్పుడు పనికొచ్చేది చెయ్యి తిరగడమే. అందుకే ఆన్‌లైన్ ల్యాబులు ఒప్పుకోని నర్సింగ్ స్కూళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కోవిడ్ రోజుల్లో ఇచ్చిన మినహాయింపు ఇంకా ఉందనుకోవడం పొరపాటు.

ఏ అండ్ పీ ల్యాబ్ పరీక్ష ఇంకో రకం. బల్లల మీద నమూనాలు, వాటికి నంబరు పిన్నులు, ఒక్కోదాని దగ్గర నిమిషమో నిమిషంన్నరో, తర్వాత పక్కకి జరగాలి. ఎముక పేరొక్కటే చాలదు, కుడిదో ఎడమదో కూడా చెప్పాలి. స్పెల్లింగ్ తప్పితే మార్కు కోత. ఓపెన్ ల్యాబ్ గంటలున్న కాలేజీ అయితే నమూనాల దగ్గర కూర్చుని చదువుకోవచ్చు. ఫీజు పట్టికలో ఈ గంటలు కనబడవు, ఫోన్ చేసి అడగాలి. ఎంపీసీ పిల్లకి జీవశాస్త్రం పదో తరగతితో ఆఖరు, బైపీసీ వాళ్లలా జువాలజీ రికార్డుల్లో బొమ్మలు గీసిన చెయ్యి కాదు. కాబట్టి 2401 కంటే ముందు ఒక బయాలజీ 1406 తీసుకోవడం దండగ కాదు, కొన్ని కాలేజీలు అదెటూ అడుగుతాయి.

ఎనిమిది వారాల లెక్క వేసి పంపించా. పదహారు వారాల 2401కి వారానికి మూడు గంటల లెక్చరు, మూడు గంటల ల్యాబు, ఇంట్లో ఇంకో పది. ఎనిమిది వారాలంటే అదంతా రెట్టింపు, వారానికి ముప్ఫై రెండు గంటలు. రెండేళ్ల పిల్లాడితో అది జరిగే పని కాదు. తొందరపడి బీ తెచ్చుకుంటే సైన్స్ జీపీఏ ఎలా కుంగుతుందో కూడా వేశా: నాలుగు క్రెడిట్ల కోర్సులు నాలుగుంటే, రెండు ఏలు, రెండు బీలు కలిపి 3.5. రెండోసారి రాసి ఏ తెచ్చుకున్నా కొన్ని స్కూళ్లు రెండిటి సగటే తీసుకుంటాయి. డబ్ల్యూని (కోర్సు మధ్యలో మానేస్తే పడే గుర్తు) కూడా ఒక ప్రయత్నంగా లెక్కపెట్టే స్కూళ్లున్నాయి.

బీటెక్ మార్కుల సంగతి త్వరగానే తేలింది. విదేశీ డిగ్రీలని అంచనా వేసే వెస్ లాంటి చోట కోర్సువారీ ఎవాల్యుయేషన్ చేయిస్తే డిగ్రీ ఉన్నట్టు గుర్తింపు వస్తుంది, కొన్నిచోట్ల స్టాటిస్టిక్స్ కూడా కలిసిరావచ్చు. మొదటేడు ఇంజనీరింగ్ కెమిస్ట్రీ మాత్రం ఏళ్ల గడువు దాటిపోయింది. ఎవరూ ముందుగా చెప్పని విషయం ఇంకోటుంది: టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలో బ్యాచిలర్ డిగ్రీ కావాలంటే అమెరికా చరిత్ర 6 క్రెడిట్లు, ప్రభుత్వం 6 క్రెడిట్లు చట్టం ప్రకారం ఉండాల్సిందే. మన డిగ్రీలో అవెక్కడివి? బీఎస్‌ఎన్ వైపు వెళ్తే ఆ నాలుగు కోర్సులూ ఇప్పుడే లెక్కలో పెట్టుకోవాలి. వీటికి ఆన్‌లైన్ బ్రహ్మాండంగా సరిపోతుంది.

ఫీజు దగ్గర కౌంటీ గీత చూడాలి. కాలిన్ కాలేజీ కాలిన్ కౌంటీది, డాలస్ కాలేజీ డాలస్ కౌంటీది. జిల్లా లోపలివాళ్లకి ఒక ధర, బయటివాళ్లకి ఇంకో ధర, రాష్ట్రం బయటివాళ్లకి అన్నిటికంటే ఎక్కువ. ఫ్రిస్కో రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంది, అపార్ట్‌మెంట్ ఎటు పడిందో చూడాలి. హెచ్‌-4 మీద పార్ట్‌టైం చదవొచ్చు, ఎఫ్‌-1 (స్టూడెంట్ వీసా)కి మారాల్సిన అవసరం లేదు. పన్నెండు నెలలుగా టెక్సస్‌లోనే ఉంటున్నట్టు లీజు, బ్యాంకు కాగితాలు సిద్ధంగా ఉంచుకుంటే రాష్ట్రవాసుల ఫీజు అడగొచ్చు.

సాయంత్రానికి వాన వెలిసింది. పట్టిక ఇలా తేలింది: ఈ వేసవిలో బయాలజీ 1406, ఫాల్‌లో 2401తో స్టాటిస్టిక్స్, స్ప్రింగ్‌లో 2402తో లైఫ్‌స్పాన్, ఆ పై వేసవిలో న్యూట్రిషన్, ఆ తర్వాతి ఫాల్‌లో మైక్రోతో కెమిస్ట్రీ. 2402, మైక్రో ఒకే సెమిస్టర్లో పెట్టొద్దన్నా. సైన్సు కోర్సులన్నీ దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో, ల్యాబ్‌కి మనిషి వెళ్లే సెక్షన్లలోనే. సాయంత్రం ల్యాబులు అన్నిటికంటే ముందు నిండిపోతాయి కాబట్టి ఏప్రిల్లో రిజిస్ట్రేషన్ తెరిచే రోజు ముందే కనుక్కోవాలి. నర్సింగ్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష టీస్, 2402 చదువుతున్నప్పుడో, అయిన వెంటనేనో రాస్తే మంచిది. 170 ప్రశ్నల్లో 50 సైన్సువే, అందులో అన్నిటికంటే పెద్ద వాటా శరీరం గురించే.

పడుకునేముందు మూడు స్కూళ్ల అడ్వైజర్లకి పంపాల్సిన మెయిల్ రాసిచ్చా. కాలేజీ పేరు, కోర్సు నంబరు, సిలబస్ జతచేసి మూడే ప్రశ్నలు: ఈ కోర్సు మీకు సరిపోతుందా, ల్యాబ్ ఏ పద్ధతిలో ఉండాలి, అప్లికేషన్ నాటికి ఎన్ని కోర్సుల దాకా మిగిలి ఉండొచ్చు. జవాబొస్తే పీడీఎఫ్ చేసి దాచుకోమన్నా. ఫోన్లో చెప్పిన మాట ఆర్నెల్ల తర్వాత అడ్వైజరు మారితే ఎవరికీ గుర్తుండదు. "సోమవారం పొద్దున్నే పంపిస్తా వదినా, మరి ఆ ఎనిమిది వారాలది?" అని మళ్లీ అడిగింది. చరిత్రకి తీసుకో అన్నా.