సూదులేసుడేనా మేడం?

ఈ ఏడాది కొత్త బ్యాచ్ చేరిన రోజు హాస్టల్ మెట్ల దగ్గర ఒకాయన నన్ను ఆపారు. దేవరకొండ వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి కూతుర్ని తీసుకొచ్చారు. ఒక చేతిలో ట్రంకు పెట్టె, ఇంకో చేతిలో బకెట్టు, మగ్గు. పెట్టె కింద పెట్టి, తువ్వాలతో ముఖం తుడుచుకుని అడిగారు.

"మేడం, నాలుగేండ్లు సదివినంక మా బిడ్డకు ఏమొస్తది? సూదులేసుడేనా? సూదులైతే మా ఊళ్లె ఆరెంపీ కూడ ఏస్తడు."

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అప్పు చేసి చదివిస్తున్న తండ్రికి ఆ హక్కు ఉంది. నేను "చాలా వస్తాయన్నా" అన్నాను. అంతలో ఆఫీసులోంచి పిలుపొస్తే వెళ్లిపోయాను. ఆ జవాబు నాకు ఇప్పటికీ నచ్చలేదు. ఆయనకు ఆ రోజు కూర్చోబెట్టి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

నేను నర్సునై పదిహేడేళ్లు. ఆరేళ్లు వార్డుల్లో, ఐసీయూలో చేశాను. ఆ తర్వాత నుంచి హైదరాబాద్‌లోనే ఒక కాలేజీలో క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌ని. అంటే పిల్లలు ఆస్పత్రి పోస్టింగ్‌లకు వెళ్లినప్పుడు వాళ్ల వెంట ఉండి, మంచం పక్కనే పని నేర్పేదాన్ని.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌ను సవరించి, 2021లో గెజిట్‌లో ప్రకటించింది. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్. చదువు పూర్తయ్యేసరికి విద్యార్థికి ఏమేం రావాలో అందులో పది అంశాలుగా రాశారు. రోగిని కేంద్రంగా పెట్టుకుని సేవ చేయడం, వృత్తి నిబద్ధత, బోధన, నాయకత్వం, కమ్యూనికేషన్, భద్రత, ఆధారాలను బట్టి పనిచేయడం, ఇలా సాగుతుంది ఆ జాబితా. మొదటి రోజు ఓరియంటేషన్‌లో స్లైడ్ వేసి చదువుతాం. పిల్లలు నోట్సులో రాసుకుంటారు, పరీక్షలో తిరిగి రాస్తారు. కానీ ఆ పది మాటల్లో ప్రతి దాని వెనకా ఒక మంచం ఉంది, మంచం మీద ఒక మనిషి ఉన్నారు. అది స్లైడ్ చూస్తే తెలియదు.

కమ్యూనికేషన్ అనే మాటే తీసుకోండి. చాలామంది దాన్ని నవ్వుతూ మాట్లాడటం అనుకుంటారు. నాకు దాని అర్థం ఒక నైట్ డ్యూటీలో తెలిసింది.

చదువు అయిపోయిన మొదటి ఏడాది. సర్జికల్ వార్డులో ఉన్నాను. పొట్ట ఆపరేషన్ అయి రెండో రోజు ఉన్న ఒక పేషెంట్, యాభై ఏళ్లాయన. రాత్రి రెండింటికి వైటల్స్ చూస్తే శ్వాస నిమిషానికి 28, పల్స్ 118, బీపీ 100/60. సాయంత్రం పల్స్ 88 ఉంది. మనిషి మాట్లాడుతున్నాడు, నొప్పి పెద్దగా లేదంటున్నాడు, కానీ ఏదో తేడాగా ఉందని నాకు అనిపించింది. డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేశాను. అప్పుడు నేనన్న మాటలు నాకింకా గుర్తున్నాయి. "సార్, పేషెంట్‌కు కొంచెం బాగోలేదు. ఆయాసంగా ఉంది. ఒకసారి వస్తారా?"

ఆయన క్యాజువాలిటీలో ఉన్నారు. "ఆక్సిజన్ పెట్టండి, వస్తా" అన్నారు. పెట్టాను. గంట దాటింది. మళ్లీ ఫోన్ చేయడానికి నాకు జంకు. ఇందాకే చేశాను కదా, విసుక్కుంటారేమో అని. ఆయన వచ్చేసరికి బీపీ ఇంకా పడిపోయింది. హడావుడిగా ఐసీయూకి మార్చారు. లోపల ఇన్ఫెక్షన్. పేషెంట్ బతికాడు, కానీ మూడు వారాలు ఐసీయూలో ఉన్నాడు.

పొద్దున ఇన్‌ఛార్జ్ సిస్టర్ నన్ను తిట్టలేదు. ఛార్టు నా ముందు పెట్టి, నేను రాసిన అంకెల మీద వేలు పెట్టి అడిగారు. "ఇవన్నీ నువ్వే రాశావు కదమ్మా. మరి ఫోన్లో ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేదు. 28, 118, 100/60. ఈ మూడు అంకెలు చెప్పి, సాయంత్రానికీ ఇప్పటికీ ఎంత తేడా ఉందో చెప్పి, "మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్" అని ఉంటే ఆయన వచ్చేవారు. నాకు అన్నీ కనిపించాయి. కనిపించింది అవతలి మనిషికి కనిపించేలా చెప్పడం రాలేదు.

ఇప్పుడు దీనికి ఎస్‌బార్ అనే పద్ధతి ఉంది. ముందు ఇప్పుడేం జరుగుతోందో చెప్పాలి, తర్వాత పేషెంట్ నేపథ్యం, ఆ తర్వాత నా అంచనా, చివరికి మీరేం చేయాలని అడుగుతున్నానో. నేను పిల్లలకు దీన్ని ఫోన్ చేయించి నేర్పుతాను. నేను పక్క గదిలో డాక్టర్‌లా కూర్చుంటాను. కావాలనే తొందరపెడతాను, మధ్యలో మాట తుంచేస్తాను. అయినా వాళ్లు నాలుగో ముక్క దాకా చెప్పాలి. చాలామంది మూడో ముక్క దగ్గర ఆగిపోతారు. "నాకు ఇది కావాలి" అని పెద్దవాళ్లను అడగడం మన ఇళ్లలో ఆడపిల్లలకు నేర్పలేదు. దాన్ని మేం ఫస్టియర్ నుంచే నేర్పాలి.

అసలు ఆ 28 అనే అంకె నిజంగా లెక్కపెట్టి రాసిందై ఉండాలి కదా. చాలా వార్డుల్లో శ్వాస కాలమ్‌లో చూడకుండానే 20 అని రాసేసే అలవాటు ఉంది. వరుసగా పది మంచాలకూ 20. అందుకే నేను మొదటి వారం అంతా ఇదొక్కటే చేయిస్తాను. పేషెంట్ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి పల్స్ చూడమంటాను. పల్స్ లెక్క అయిపోయాక వేళ్లు తీయకుండా, కళ్లు మాత్రం ఛాతీ మీదికి తిప్పి శ్వాస లెక్కపెట్టమంటాను. నిండా ఒక నిమిషం. "మీ శ్వాస చూస్తున్నాను" అని చెప్తే మనిషి తెలియకుండానే శ్వాస మార్చేసుకుంటాడు. అందుకని వేళ్లు అక్కడే ఉంచాలి. చూసేవాళ్లకు ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. కానీ మనిషి దిగజారిపోతుంటే చాలాసార్లు అన్నిటికంటే ముందు మారేది శ్వాసే.

హైదరాబాద్‌లో పనిచేసే నర్సుకు ఇంకో కష్టం ఉంది, భాష. మా పిల్లలు ఎక్కువగా నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల వాళ్లు. ఇక్కడి వార్డులో సగం మంది ఉర్దూ మాట్లాడతారు. పోయినేడు ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, "మేడం, ఏడో మంచం నానీమాకు షుగర్ ఎక్కువైందట" అంది. గ్లూకోమీటర్‌తో చూస్తే 132. ఆవిడకు అసలు షుగరే లేదు. నేను వెళ్లి అడిగితే అర్థమైంది. ఆవిడ "చక్కర్ ఆరా బేటీ" అంది. కళ్లు తిరుగుతున్నాయని. మా అమ్మాయికి చక్కెర అని వినిపించింది.

ఆ అమ్మాయిని నేను అక్కడే ఆపి, "ఎప్పుడు తిరుగుతున్నాయో అడుగు" అన్నాను. వచ్చీరాని హిందీలో అడిగింది. లేచి నిలబడ్డప్పుడట. పడుకోబెట్టి బీపీ చూశాం, 130/80. నిలబెట్టి చూశాం, 100/70. రెండు రోజుల కింద బీపీ మాత్ర డోసు పెంచారు. అంకెలు రాసి రౌండ్స్‌లో చూపిస్తే డాక్టర్‌గారు డోసు తగ్గించారు. లేదంటే ఆవిడ రాత్రి బాత్రూమ్‌కు లేచి పడిపోయేదే. డెబ్బై ఏళ్ల మనిషి తుంటి విరిగితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. ఆ సాయంత్రం నుంచి ఆ అమ్మాయి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుంది. దర్ద్, సాఁస్, ఉల్టీ, పిషాబ్, చక్కర్, అన్నీ తెలుగు అక్షరాల్లో, పక్కన అర్థాలు. ఇప్పుడు ఆ పుస్తకం జిరాక్సు కాపీలు మా హాస్టల్‌లో ప్రతి గదిలోనూ ఉన్నాయి.

భద్రత గురించి చెప్పాలంటే లెక్కలతో మొదలుపెట్టాలి. 500 మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో వెళ్లాలి, సెట్టు మీద మిల్లీలీటర్‌కు 20 చుక్కలని ఉంది. అంటే నిమిషానికి 21 చుక్కలు. కాగితం మీద అందరికీ వస్తుంది. వార్డులో పేషెంట్ల తరఫు వాళ్లు ఐదుగురు చుట్టూ నిలబడి తలా ఒకటి అడుగుతుంటే, గడియారం చూస్తూ చుక్కలు సరిచేయడం వేరు. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ చూడటానికి మిగతా ఆంప్యూల్స్ లాగే ఉంటుంది. దాన్ని కలపకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. అందుకే లేబుల్ మూడుసార్లు చదవమంటాం. అరలోంచి తీసేటప్పుడు, సిరంజిలోకి తీసేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు. అన్నా, ఆరెంపీకీ మీ అమ్మాయికీ తేడా సూదిలో లేదు. సూది వేసే ముందు ఎవరికి, ఏ మందు, ఎంత, ఎందుకు అని ఆగడంలో ఉంది. కొన్నిసార్లు "ఈ డోసు సరిగ్గా లేదనిపిస్తోంది, ఇంకోసారి చూడండి" అని వేయకుండా ఆగిపోవడంలో ఉంది.

ఆధారాలను బట్టి పనిచేయడం అనే మాట పిల్లలకు బరువుగా వినిపిస్తుంది. నేను నా చదువు రోజుల సంగతే చెప్తాను. మంచం పట్టిన వాళ్లకు వీపు మీద ఎముక ఒత్తుకునే చోట చర్మం ఎర్రబడితే స్పిరిట్ రాసి, పౌడర్ వేసి, గట్టిగా రుద్దమని మాకు నేర్పారు. శ్రద్ధగా రుద్దేదాన్ని. ఆ ఎర్రబడిన చోట రుద్దితే లోపలి కణజాలం ఇంకా దెబ్బతింటుందని ఇప్పుడు తెలుసు. రుద్దొద్దు, ఒత్తిడి తీసేయాలి, మనిషిని వేళ తప్పకుండా పక్కకు తిప్పుతుండాలి, చర్మం పొడిగా ఉంచాలి. నాకు నేర్పిన సిస్టర్ అంటే నాకు ఎంతో గౌరవం. అయినా ఆవిడ నేర్పిన ఆ పని నేను మానేశాను. మా పిల్లలు కూడా పదేళ్ల తర్వాత నేను చెప్పినవాటిలో కొన్నిటిని మానేయగలగాలి, ఎందుకు మానేస్తున్నారో చెప్పగలగాలి.

కంప్యూటర్‌లో రికార్డులు, నాణ్యత మెరుగుదల, ఇవీ ఆ పదిలో ఉన్నాయి. పనిలో పడితే ఆర్నెల్లలో వస్తాయి.

బోధన మాత్రం అలా రాదు. బస్తీలో కమ్యూనిటీ పోస్టింగ్‌కు వెళ్లినప్పుడు ఒక తల్లి, విరేచనాలతో నీరసించిన పిల్లాడికి ఓఆర్‌ఎస్ ఇస్తున్నానంది. మా విద్యార్థిని "గుడ్, ఇవ్వండమ్మా" అని రాసుకుని ముందుకు వెళ్లబోయింది. ఎలా కలిపారో చూపించమన్నాను. ఆ తల్లి చిన్న గ్లాసు నీళ్లలో సగం ప్యాకెట్ పోసి చూపించింది. ఆ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లకు సరిపడేది. అంత చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లాడికి ప్రమాదం. ఇంట్లో లీటరు వాటర్ బాటిల్ ఉంటే తెప్పించి, మా అమ్మాయి చేత కలిపించాను. తర్వాత ఆ తల్లి చేత మళ్లీ చెప్పించాను. "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా తలూపుతారు. "ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఒక మాట మనసులో ఉంచుకోలేను. నేను కొంతకాలం పనిచేసిన ఒక చోట, పిల్లలు వార్డులో ఏ పనులు చేశారో రాసే లాగ్‌బుక్‌లన్నీ సెమిస్టర్ చివర కట్టగట్టి తెచ్చి సంతకాలు పెట్టించేవారు. క్యాథెటర్ వేసినట్టు ఉండేది, ఆ పిల్ల ఎప్పుడూ వేసి ఉండదు. వార్డులో మనుషులు సరిపోక పిల్లల్ని ట్రాలీలు తోయడానికి, శాంపిళ్లు ల్యాబ్‌కు మోయడానికి వాడుకునేవారు. పోస్టింగ్ అయిపోయేది, నేర్చుకోవాల్సింది అలాగే ఉండిపోయేది. నేను నా కళ్లతో చూడని ప్రొసీజర్‌కు సంతకం పెట్టనన్నాను. గొడవైంది. ఇప్పటికీ పెట్టను. రేపు ఆ సంతకం నమ్మి ఎవరో ఒకరు తమ ఒళ్లు ఆ అమ్మాయి చేతికి అప్పగిస్తారు.

ఇక ఉద్యోగాలు. తండ్రులందరికీ లోపల ఉండే ప్రశ్న అదే. స్టాఫ్ నర్సు ఉద్యోగమే కాదు, ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లను పల్లె దవాఖానాల్లో కూడా తీసుకుంటున్నారు. మా సీనియర్ పిల్లల్లో కొందరు సాయంత్రాలు జర్మన్ నేర్చుకుంటున్నారు. వెళ్లనీయండి. పైన చెప్పినవి వచ్చిన పిల్ల ఎక్కడైనా బతుకుతుంది.

పోయిన వారం ఫస్టియర్ వాళ్ల మొదటి వార్డు పోస్టింగ్. దేవరకొండ అమ్మాయి కూడా ఉంది. యూనిఫాం ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. పదకొండింటికి నా దగ్గరకు వచ్చి మెల్లగా అంది.

"మేడం, ఐదో మంచం తాతకు కేస్ షీట్‌లో శ్వాస 20 అని ఉంది. నాకు 30 వచ్చింది. తప్పేమో అని మళ్లీ లెక్కపెట్టిన. మళ్లీ 30 వచ్చింది."

"సిస్టర్‌కు చెప్పు" అన్నాను.

"మీరు చెప్పండి మేడం."

"నేను పక్కనే నిలబడతాను. చెప్పేది నువ్వే."

నర్సింగ్ స్టేషన్ దాకా వెళ్లింది. సిస్టర్ ఇండెంట్ రాసుకుంటున్నారు, తల ఎత్తలేదు. ఆ అమ్మాయి చేతిలో కాగితం వణుకుతోంది. ఒకసారి నా వైపు చూసింది. నేనేమీ అనలేదు.

"సిస్టర్, ఐదో మంచం తాత. నిన్న నిమోనియాతో అడ్మిట్ అయిండు. పొద్దున శ్వాస 20 అని రాసి ఉంది, ఇప్పుడు 30 ఉంది, రెండుసార్లు లెక్కపెట్టిన. పల్స్ 112. మీరొకసారి వచ్చి చూడాలె సిస్టర్."

సిస్టర్ పెన్ను పక్కన పెట్టి లేచారు.