ఎరువేసిన చేన్లో వేరుకు పనేముంది?

బెంగళూరు యలహంకలో మా మిద్దె మీద గోనెసంచిలో పెంచుతున్న వేరుసెనగ మొక్కను పోయిన ఆదివారం పీకి చూశాను. వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు పట్టి ఉన్నాయి. ఒకదాన్ని గోటితో చీల్చితే లోపల ఎర్రగా ఉంది. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ రంగు అది, లోపలి బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నదనడానికి గుర్తు. నేను ఏ జీవన ఎరువూ కలపలేదు. మదనపల్లె నుంచి తెచ్చిన ఎర్రమట్టిలో ఉన్నవే వచ్చి చేరాయి.

ఫోటో చూసి మా చిన్నాయన ఫోన్ చేసి, "ఎరువేసిన చేన్లో వేరుకు పనేముందబ్బీ?" అన్నాడు.

వంగడాల ఎంపికలోని అసలు చిక్కు ఆ మాటలోనే ఉంది. భాస్వరం పుష్కలంగా దొరికే మడిలో మొక్క, వేళ్లలో చేరి నేలలోని భాస్వరం తెచ్చిపెట్టే మైకోరైజా శిలీంధ్రాలతో పొత్తు తగ్గించుకుంటుంది. తాను ఎండలో కూడబెట్టిన చక్కెరను వాటికి పెట్టవలసిన అవసరం దానికి ఉండదు. అటువంటి మడిలో దిగుబడి చూసి ఎంచిన రకం, పశువుల ఎరువు తప్ప మరేమీ పడని చేనులో సూక్ష్మజీవులను ఎంత బాగా చేరదీస్తుందో ఆ దిగుబడి లెక్క చెప్పదు. సేంద్రియ సాగుకు కావలసిన విత్తనాన్ని సేంద్రియ మడిలోనే ఎంచాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఈ దారిలో నడిచినవారు లేకపోలేదు. అమెరికా సోయా రకాలకు సరిపడే బ్యాక్టీరియా ఆఫ్రికా నేలల్లో అరుదు. విత్తనంతో పాటు దానినీ కొని, ఎండకు చావకుండా దాచుకోవడం చిన్నరైతుకు అయ్యే పని కాదు. నైజీరియాలోని ఇబాదాన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ 1970ల చివర్లో, బ్యాక్టీరియాను మోసుకెళ్లే బదులు, స్థానిక నేలలోని బ్యాక్టీరియాతోనే బుడిపెలు కట్టే సోయాను సంకరం చేసే పని మొదలుపెట్టింది. టీజీఎక్స్ రకాలు అలా పుట్టినవే.

మన సంగటి రాగిదీ ఇటువంటి కథే. రాగి వేళ్లలో కాపురముండే ఒక ఎంటరోబాక్టర్ బ్యాక్టీరియా, తెగులు తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రం వచ్చినప్పుడు వేరు నూగు దట్టంగా పెరిగి వంగేటట్లు చేసి, ఆ నూగు సందుల్లో గుంపులు కట్టి, వేరు చుట్టూ కంచెలా నిలుస్తుందని 2016లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వారు చూపించారు. (రాగిని మనం తింటున్నాము, దాని వేరును చూసింది వారు!) మాకు దగ్గరలోని వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం జీకేవీకేలో రూపొందిన జీపీయూ 28 రాగి అగ్గితెగులును తట్టుకుంటుందని పేరు. ఇటువంటి రకాలను బేరీజు వేసేటప్పుడు వేరు ఎవరికి ఆశ్రయమిస్తున్నదో కూడా చూస్తే బాగుంటుందని నా ఆశ.

అయితే వేరు చుట్టూ ఎవరు చేరాలన్నది ఎక్కువగా నేలే నిర్ణయిస్తుంది. విత్తనం వాటా ఉన్నా, అది చిన్నది. కాబట్టి సూక్ష్మజీవులను లెక్కపెట్టి విత్తనం ఎంచడం కన్నా, పేదనేలలో బుడిపెలనూ కాయనూ కలిపి చూడటమే రైతుకు అందుబాటులో ఉన్న పద్ధతి. ఈ తొలకరికి చిన్నాయన ఎరువు వేయని మడిలో రెండు రకాల వేరుసెనగ విత్తుతానన్నాడు. పూత వచ్చాక ఒక్కో రకం నుంచి పదేసి మొక్కలు పీకి బుడిపెలు చీల్చి చూసే పని నాకు అప్పగించాడు.