ఒక టన్ను ప్రెస్సు, ఇరవై కిలోల చెయ్యి

హాల్లో ఫ్యాను గరగరమంటోందని విప్పి, 6202 సైజు కొత్త బేరింగ్ తెచ్చి, దాని మీద బాక్స్ స్పానర్ సాకెట్ పెట్టి సుత్తితో కొట్టి కూర్చోబెట్టాను. రెండు నెలలకే మళ్ళీ గరగర. తప్పు బేరింగుది కాదు, నాది. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే బలం పడాలి. నా సాకెట్ బయటి రింగుకి ఆనింది. ప్రతి దెబ్బా రెండు రింగుల మధ్య ఉండే గుండ్ల మీదుగా పోయి, అవి తిరిగే దారిలో సన్నని గుంటలు పెట్టింది.

సుత్తి మానేసి నొక్కే సాధనం కొందామనుకున్నాను. మేడ మీద రేకుల గదే నా వర్క్‌షాపు, హైడ్రాలిక్ ప్రెస్సుకి అందులో చోటు లేదు. ఫ్యాను బేరింగులకీ మిక్సీ జార్ బుష్‌లకీ అంత బలమూ అక్కర్లేదు. అందుకని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నాలుగు షాపులు తిరిగి, చేత్తో లీవర్ లాగి నొక్కే ఆర్బర్ ప్రెస్సు, అన్నిటికన్నా చవకైన ఒక టన్నుది, 4,500 రూపాయలకి కొన్నాను. స్కూటర్ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని ఇంటికి తెచ్చేసరికి మోకాళ్ళు కమిలిపోయాయి.

ఈ టన్ను సంగతి ముందే లెక్క వేసుకుని ఉండాల్సింది. లీవర్‌తో పాటు తిరిగే లోపలి పళ్ళ చక్రం, అంటే పినియన్, దాని వ్యాసార్ధం సుమారు 12 మిల్లీమీటర్లు, లీవర్ పొడవు 300. అంటే నా చేతి బలానికి పాతిక రెట్లు. ఇరవై కిలోల బలంతో లాగితే కింద 500 కిలోలు, అందులోనూ రాపిడికి పోయేది పోతుంది. టన్ను కావాలంటే నలభై కిలోలకి పైనే లాగాలి. లీవర్‌కి పైపు తొడిగితే తేలికే కానీ ఆ పని చెయ్యకండి. ప్రెస్సు బాడీ పోత ఇనుము, అది ముందు వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది.

మొదటి రోజే బేరింగ్ వంకరగా దిగింది. కింది పళ్ళెం సమంగా లేదేమోనని దాని కింద అట్టముక్కలు పెట్టి ఒక సాయంత్రం పాడు చేసుకున్నాను. తర్వాత ర్యామ్, అంటే కిందికి దిగి నొక్కే పళ్ళ కడ్డీ, దాని కొస పట్టుకుని కదిపితే ముందుకీ వెనక్కీ దాదాపు ఒక మిల్లీమీటరు ఊగింది! ర్యామ్‌ని పట్టి ఉంచే ముందువైపు మూత స్క్రూలు బిగించాను. ర్యామ్ పైన ఉన్నప్పుడు వదులుగానే ఉంది, మధ్యలోకి దిగేసరికి పట్టేసింది.

విప్పి చూస్తే గ్రీజు నిండా పోత ఇసుక, మూత ఆనే చోటంతా దట్టంగా రంగు. కిరసనాయిలుతో కడిగి, రంగు గీకేశాను. మూత లోపలి వైపు నీలం మార్కర్ పూసి, ర్యామ్‌ని దాని మీద జరిపి చూస్తే మిట్టగా ఉన్న చోట్ల నీలం చెరిగిపోయింది. అక్కడ ఆకురాయి, తర్వాత గాజుపలక మీద పరిచిన ఉప్పుకాగితం. మళ్ళీ నీలం, మళ్ళీ రుద్దుడు, మూడు సాయంత్రాలు. చేతులు, బనీను, చివరికి చెవి కూడా నీలమే. ఆ తర్వాత ఊగు తగ్గించాలని బాడీ మీద మూత ఆనే అంచుల్ని ఆకురాయితో తగ్గించబోయి, తొందరలో ఎక్కువే తీసేశాను. ర్యామ్ కదలనంది. కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి, 0.1 మిల్లీమీటరు మందం రేకు ముక్కలు మూత కింద పెడితే సరిపోయింది. పక్కలకి ఇంకా కాస్త ఊగుతుంది, దాన్ని వదిలేశాను.

ర్యామ్ కొస దగ్గర మూలమట్టం (లంబకోణం సరిచూసే పరికరం) పెట్టి చూస్తే ఒక పక్క వెలుతురు కనిపించింది. అది ఇంట్లో అయ్యే పని కాదు. బాలానగర్‌లో ఒక లేత్ షాపుకి ప్రెస్సుతో సహా తీసుకెళ్ళాను.

"ఇది ప్రెస్సా సార్, బోరింగ్ పంపా?" అన్నాడు లేత్ మీదున్న పెద్దాయన.

"బోరింగే అనుకోండి. కొస చదును చేసి, నడిమధ్య 10 ఎంఎం రంధ్రం వెయ్యాలి."

ఆయన ర్యామ్ పళ్ళు దెబ్బతినకుండా రాగి ముక్కలు అడ్డం పెట్టి నాలుగు దవడల చక్‌లో బిగించి, అరగంటలో పూర్తి చేశాడు. 350 తీసుకున్నాడు. పక్క నుంచి 6 ఎంఎం గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) కూడా పెట్టించాను. ఇప్పుడు పనికి తగ్గ ఇత్తడి మొనలు అందులో దూర్చి బిగించుకుంటున్నాను. అన్ని మార్పుల్లోకీ ఎక్కువ పనికొచ్చింది ఇదే.

లీవర్ వదిలితే ర్యామ్ ధబ్బున పడేది, వేళ్ళకి ప్రమాదం. మొదట సైకిల్ ట్యూబు ముక్క కట్టాను, నూనె తగిలి సాగిపోయింది. తర్వాత తలుపు స్ప్రింగు తగిలించాను. బల్లకి బోల్టులు వేసి బిగించకపోతే మాత్రం గట్టిగా లాగినప్పుడు మొత్తం మన మీదికే వస్తుంది.

ఫ్యానుకి మళ్ళీ కొత్త 6202 తెచ్చాను. ఈసారి లోపలి రింగుకి మాత్రమే ఆనేలా పైపు ముక్క కోసి పెట్టి నొక్కాను. నున్నగా దిగుతూ దిగుతూ చివర అంచుకి ఆనగానే లీవర్ బిగుసుకుంది, అది చేతికి స్పష్టంగా తెలిసింది. ఫ్యాను ఇప్పుడు చప్పుడు చెయ్యడం లేదు. పక్కింటి ఆంటీ మాత్రం మిక్సీ జార్లు రెండు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు.